హైడ్రోజన్ కథలో రెండో తీగ

ఈ మధ్య పేపరు తెరిస్తే గ్రీన్ హైడ్రోజన్ అనే మాట కనబడని వారం లేదు. నీళ్ళలోకి కరెంటు పంపిస్తే హైడ్రోజన్ వస్తుంది, ఆ కరెంటు ఎండ నుంచో గాలి నుంచో వస్తే బొగ్గూ పొగా అక్కర్లేదు. ఇదీ మనం వినే కథ. కథ నిజమే. కానీ నీళ్ళలో ముంచేవి రెండు తీగలు. హైడ్రోజన్ వచ్చే తీగ గురించే అందరూ చెప్తారు. రెండో తీగ దగ్గర ఏం జరుగుతుందో పెద్దగా ఎవరూ మాట్లాడరు. నిజానికి రెండు వందల ఏళ్ళుగా అసలు చిక్కంతా ఆ రెండో తీగ దగ్గరే ఉంది. ఈ రోజు ఆ తీగ చరిత్ర చెప్తాను. అది మన అనకాపల్లి జిల్లా పూడిమడకకి ఎందుకు సంబంధించిన విషయమో కూడా చివర్లో చూద్దాం.

1800వ సంవత్సరంతో మొదలుపెడదాం. ఇటలీలో వోల్టా వెండి, జింకు బిళ్ళలను ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలతో దొంతరగా పేర్చి, ఆగకుండా కరెంటు ఇచ్చే మొదటి బ్యాటరీ చేశాడు. ఆ సంగతి మార్చిలో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఇంకా అచ్చు కాకముందే దాని గురించి తెలుసుకున్న ఇద్దరు మనుషులు లండన్‌లో అలాంటి దొంతరే పేర్చారు. ఒకాయన ఆంథొనీ కార్లైల్, సర్జను. ఇంకొకాయన విలియం నికల్సన్, సొంతంగా సైన్సు పత్రిక నడిపేవాడు. మే 2న వాళ్ళు ఒక గాజు గొట్టంలో నీళ్ళు పోసి, రెండు ఇత్తడి తీగలు పెట్టి, కరెంటు పంపించారు.

ఒక తీగ నుంచి సన్నగా బుడగలు లేచాయి. అది హైడ్రోజన్. రెండో తీగ నుంచి ఆక్సిజన్ రావాలి కదా? రాలేదు. ఆ తీగ రంగు మారింది, నల్లబడింది. అంటే పుట్టాల్సిన ఆక్సిజన్‌ని ఇత్తడే తినేసింది. ఇంకో మాటలో చెప్పాలంటే ఆక్సిజనే ఇత్తడిని తినేసింది. తర్వాత వాళ్ళు ప్లాటినం తీగలు పెట్టి చూశారు. అప్పుడు రెండు వైపులా గాలి బుడగలు వచ్చాయి. ఒక వైపు హైడ్రోజన్, రెండో వైపు ఆక్సిజన్.

మొట్టమొదటి ప్రయోగంలోనే మన కథ మొత్తం కనబడుతోంది చూడండి. హైడ్రోజన్ తీగకి ఏ లోహం పెట్టినా దాదాపు పని జరుగుతుంది. ఆక్సిజన్ తీగ దగ్గర మాత్రం మామూలు లోహాలు నిలబడవు. ఈ రెండో తీగనే ఆనోడు అంటాం. ఆనోడు, కాథోడు, ఎలక్ట్రోడు అనే పేర్లన్నీ 1834లో ఫారడే వాడుకలోకి తెచ్చినవి.

అక్కడ ఎందుకంత కష్టం? ఒక హైడ్రోజన్ అణువు తయారవడానికి రెండు ఎలక్ట్రాన్లు కదిలితే చాలు. ఆక్సిజన్ అణువు కావాలంటే రెండు నీటి అణువుల నుంచి నాలుగు ఎలక్ట్రాన్లు లాగాలి, నాలుగు హైడ్రోజన్లను విడదీయాలి, మిగిలిన రెండు ఆక్సిజన్ పరమాణువులను ఒకదానికొకటి కలపాలి. ఇన్ని మెట్లు ఎక్కడానికి అదనంగా వోల్టేజీ కావాలి. లెక్క ప్రకారం నీటిని విడదీయడానికి 1.23 వోల్టులు చాలు. ఫ్యాక్టరీలో నడిచే యంత్రాల్లో ఇది 1.8 నుంచి 2 వోల్టుల దాకా వెళ్తుంది. ఆ అదనపు ఖర్చులో పెద్ద వాటా ఆనోడుదే. పైగా అంత వోల్టేజీ దగ్గర లోహం మీద ఆక్సిజన్ దాడి చేస్తుంది. చుట్టూ ఉన్నది ఆమ్లమైతే, ఆ దాడిలో పుట్టిన తుప్పు కూడా కరిగిపోతుంది. కింద కొత్త లోహం బయటపడుతుంది, దాన్నీ తింటుంది. ఇది ఆగదు.

అలాంటప్పుడు ఆమ్లం ఎందుకు, క్షారం వాడొచ్చు కదా అని మీరు అడగొచ్చు. వాడారు. క్షారంలో నికెల్ హాయిగా నిలబడుతుంది. నార్వేలో ర్యుకాన్ దగ్గర 1920ల చివర్లోనే జలవిద్యుత్తుతో పెద్ద ఎత్తున ఈ పద్ధతిలో హైడ్రోజన్ తీశారు. మన దేశంలో కూడా భాక్రా కరెంటుతో పంజాబ్‌లోని నంగల్‌లో 1960ల్లో నీటి నుంచి హైడ్రోజన్ తీసి ఎరువులు తయారుచేశారు. అక్కడే 1962లో మన మొదటి భారజల కర్మాగారం వచ్చింది. కాబట్టి నీటి నుంచి హైడ్రోజన్ మనకి కొత్తేమీ కాదు. ఆమ్లం దారి ఎందుకు అవసరమైందో కాసేపట్లో చెప్తాను. ముందు ఆమ్లంలో నిలబడే ఆనోడు ఎలా దొరికిందో చూద్దాం.

ఆమ్లంలో నిలబడే ఒక ఆక్సైడు మీ ఇంట్లోనే ఉండొచ్చు. మెట్ల కిందో వరండాలోనో ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటుంది కదా, అందులో పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది. ధన ధ్రువం ప్లేటు మీద గోధుమ రంగులో ఉండేది లెడ్ డయాక్సైడు. ఫ్రాన్స్‌లో ప్లాంటే 1859లో చేసిన బ్యాటరీకి ఇది వారసుడు. ఛార్జింగు ఎక్కువైతే అందులో నీరు విడిపోతుంది. ఒక ప్లేటు దగ్గర హైడ్రోజన్, లెడ్ డయాక్సైడు ప్లేటు దగ్గర ఆక్సిజన్ వస్తాయి. అందుకే అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోయమంటారు. దాని దగ్గర అగ్గిపుల్ల గీయొద్దని చెప్పేదీ అందుకే. అంటే ఆమ్లంలో లోహపు ఆక్సైడుతో హైడ్రోజన్ తయారుచేసే యంత్రం, ఎవరూ కోరకుండానే, మన ఇళ్ళలో నడుస్తోందన్నమాట.

మరి ఫ్యాక్టరీలో కూడా సీసమే వాడొచ్చు కదా? రాగిని శుద్ధంగా తీసే చోట, ఆమ్లంలో సీసపు ఆనోడులు దశాబ్దాలుగా వాడుతూనే ఉన్నారు. కానీ లెడ్ డయాక్సైడు మహా బద్ధకస్తురాలు. దాని మీద ఆక్సిజన్ రావాలంటే వోల్టేజీ చాలా పెంచాలి. బ్యాటరీకి ఆ బద్ధకమే వరం. అది చురుగ్గా ఉండి ఉంటే 2 వోల్టుల దగ్గర నీరంతా విడిపోయి బ్యాటరీ పనికిరాకుండా పోయేది. హైడ్రోజన్ అమ్ముకోవాలనుకునేవాడికి మాత్రం ఆ బద్ధకమే కరెంటు బిల్లు.

సరైన సమాధానం హైడ్రోజన్ కోసం వెతికినవాళ్ళకి దొరకలేదు. ఉప్పునీటి నుంచి క్లోరిన్, కాస్టిక్ సోడా తీసే పరిశ్రమలో దొరికింది. అక్కడ ఆనోడులుగా గ్రాఫైట్ దిమ్మలు వాడేవారు. బళ్ళో పిల్లలు పెన్సిల్ ముక్కలతో, కార్బన్ కడ్డీలతో ఈ ప్రయోగం చేస్తారు కదా, కాసేపటికి నీళ్ళలో నల్లటి నలక కనబడుతుంది. ఫ్యాక్టరీలోనూ అదే బాధ. గ్రాఫైట్ కొంచెం కొంచెంగా అరిగిపోతుంది. అరిగినకొద్దీ రెండు ఎలక్ట్రోడుల మధ్య ఎడం పెరుగుతుంది, ఎడం పెరిగినకొద్దీ కరెంటు వృథా అవుతుంది. దిమ్మలను మాటిమాటికీ సర్దాలి, చివరికి మార్చాలి.

అరగని ఆనోడు కావాలి. ఈ పని మీద పడినవాడు హెన్రీ బీర్ అనే డచ్చి మనిషి. అప్పటికి టైటానియం లోహం మార్కెట్లోకి వచ్చింది. దాని గుణం విచిత్రమైనది. ఆనోడుగా పెడితే క్షణాల్లో దాని మీద సన్నటి ఆక్సైడు పొర కమ్ముకుంటుంది. ఆ పొర గట్టిది, లోపలి లోహాన్ని కాపాడుతుంది. కాకపోతే అది కరెంటును కూడా ఆపేస్తుంది. టైటానియం ఆక్సైడంటే మన గోడల తెల్ల పెయింటులో కలిపే పొడే, దానిలోంచి కరెంటు పోదు. బీర్ 1950ల చివర్లో టైటానియం మీద ప్లాటినం పూత వేసి చూశాడు. పని చేసింది, కానీ ప్లాటినం ఖరీదు, పైగా పూత క్రమంగా పోయేది.

1965లో ఆయన పేటెంటు తీసుకున్న ఆలోచన వేరు. తుప్పు పట్టే చోట లోహాన్ని ఎందుకు పెట్టాలి, ముందే తుప్పు పట్టినదాన్నే పెడితే? రుథీనియం అనే లోహపు ఉప్పును ద్రావకంలో కరిగించి, పెయింటులాగా టైటానియం రేకు మీద పూసి, ఆరబెట్టి, గాలి తగిలేలా కొలిమిలో సుమారు 450, 500 డిగ్రీల దగ్గర కాల్చాలి. మళ్ళీ పూయాలి, మళ్ళీ కాల్చాలి. అలా పొర మీద పొర. మిగిలేది రుథీనియం డయాక్సైడు, నల్లటి పూత. ఇది ఆక్సైడే అయినా లోహంలాగే కరెంటు పోనిస్తుంది. రెండేళ్ళకి ఇంకో పేటెంటులో రుథీనియం ఆక్సైడు, టైటానియం ఆక్సైడు కలిపిన పూత వచ్చింది. రెండిటి స్ఫటికాల అమరికా ఒకటే, రూటైల్ అంటారు. అందుకే అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి, కింది టైటానియానికి గట్టిగా అతుక్కున్నాయి. ఈ రూటైల్ అనేది మనకి పరాయి పేరేం కాదు. భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల ఇసుకలో ఇల్మెనైట్‌తో పాటు దొరికే ఖనిజం అదే.

ముల్లును ముల్లుతోనే తీయాలంటారు కదా. ఇక్కడ తుప్పుకు తుప్పునే కాపలా పెట్టారు. మిలాన్‌లోని డి నోరా సంస్థ ఈ ఆనోడులను పరిశ్రమలోకి తెచ్చింది. కొలతలు మారని ఆనోడులు అనే అర్థంలో డీఎస్ఏ అని పేరు పెట్టారు. కొన్నేళ్ళలోనే ప్రపంచమంతా గ్రాఫైట్ పక్కకి తప్పుకుంది.

ఇక్కడ నాకు ముచ్చటగా అనిపించే సంగతి ఒకటుంది. వర్క్‌షాపులో పనిచేసే వస్తువు ముందు వచ్చింది, అది ఎందుకు పనిచేస్తుందనే శాస్త్రం తర్వాత వచ్చింది. మిలాన్ విశ్వవిద్యాలయంలో సెర్జియో ట్రసాట్టి, ఆయన సహచరుడు బుజాంకా 1971లో రుథీనియం డయాక్సైడు గుణాల మీద ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. ఆ పదార్థం ఉపరితలం విద్యుదావేశాన్ని పట్టి ఉంచి మళ్ళీ వదలగలదని అందులో చూపించారు. సూపర్ కెపాసిటర్ల పరిశోధనకి అదొక పునాది అయింది. ఆక్సైడు ఎలక్ట్రోడుల మీద ఒక పూర్తి శాస్త్రం ట్రసాట్టి చుట్టూ పెరిగింది.

అయితే క్లోరిన్‌కి సరిపోయింది హైడ్రోజన్‌కి సరిపోలేదు. ఆమ్లంలో ఆక్సిజన్ బయటికి వచ్చే చోట రుథీనియం ఆక్సైడు మొదట్లో అందరికన్నా చురుగ్గా పనిచేస్తుంది. తర్వాత కరగడం మొదలవుతుంది. వోల్టేజీ పెరిగితే అది టెట్రాక్సైడుగా మారుతుంది. ఆ టెట్రాక్సైడు ఆవిరై పోయే పదార్థం. పనిమంతుడే కానీ ఆయుష్షు లేనివాడన్నమాట.

అప్పుడు ముందుకొచ్చింది ఇరిడియం. 1803లో లండన్‌లో స్మిత్సన్ టెనంట్, ప్లాటినం ఖనిజాన్ని ఆమ్లంలో కరిగించాక అడుగున మిగిలిన నల్ల పొడిలో దీన్ని కనుక్కున్నాడు. దాని లవణాలు రకరకాల రంగుల్లో ఉన్నాయని గ్రీకుల ఇంద్రధనుస్సు దేవత ఐరిస్ పేరు పెట్టాడు. ఆలోచించండి, ఈ లోహం మనకి పరిచయమైందే ఆమ్లంలో కరగని మడ్డిగా. 1889 నాటి అంతర్జాతీయ మీటరు కడ్డీని కూడా ప్లాటినంలో పది శాతం ఇరిడియం కలిపి చేశారు, మారకుండా ఉంటుందనే నమ్మకంతో. ఇరిడియం డయాక్సైడు చురుకుదనంలో రుథీనియం కన్నా కొంచెం తక్కువే, కానీ ఆమ్లంలో ఎంతో ఎక్కువ కాలం నిలబడుతుంది. 1986లో స్విట్జర్లాండ్‌లో కోట్జ్, స్టుకి అనే ఇద్దరు, రుథీనియం ఆక్సైడులో కొంచెం ఇరిడియం ఆక్సైడు కలిపినా కరగడం బాగా తగ్గుతుందని చూపించారు. 1991లో లోజాన్‌లో కొమ్నినెల్లిస్, వెర్చేసి రకరకాల పూతలను పోల్చి చూసి, ఇరిడియం ఆక్సైడు, టాంటలం ఆక్సైడు జోడీ మేలైనదని తేల్చారు.

హైడ్రోజన్ తీగ మీద ఆక్సైడులు పనికిరావా అంటే, వస్తాయి. పైన చెప్పిన స్విస్ జంటే 1987లో రుథీనియం డయాక్సైడును ఆమ్లంలో కాథోడుగా పెట్టి చూసింది. నీళ్ళలో ఇతర లోహాల మలినాలు ఉంటే అవి ప్లాటినం మీద పేరుకుని దాన్ని మొద్దుబార్చేస్తాయి. ఈ ఆక్సైడు మీద ఆ ప్రభావం కనబడలేదు. అయినా ఈ రోజుకీ హైడ్రోజన్ వైపు ఎక్కువగా వాడేది కార్బన్ మీద చల్లిన ప్లాటినం పొడే. ఆ వైపు పని తేలిక కాబట్టి ప్లాటినం చాలా కొద్దిగా సరిపోతుంది.

ఇప్పుడు ఆమ్లం ఎందుకు అనే ప్రశ్నకి వద్దాం. 1955లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో థామస్ గ్రబ్ అనే రసాయన శాస్త్రవేత్త ద్రవానికి బదులు ప్లాస్టిక్ లాంటి ఒక పొరను వాడి ఫ్యూయల్ సెల్ చేశాడు. ఆయన సహోద్యోగి నీడ్రాక్ ఆ పొర మీద ప్లాటినం అతికే పద్ధతి కనిపెట్టాడు. 1965లో జెమిని 5 వ్యోమనౌకలో ఇలాంటి సెల్సే కరెంటు ఇచ్చాయి. తర్వాత డ్యూపాంట్ కంపెనీలో వాల్టర్ గ్రోట్ చేసిన నాఫియాన్ అనే మరింత గట్టి పొర వచ్చింది. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపితే కరెంటు వచ్చే ఆ యంత్రాన్ని తిరగేసి, కరెంటు ఇచ్చి నీటిని విడదీస్తే? అదే నేటి పీఈఎం ఎలక్ట్రోలైజర్. ఆ పొరలోంచి ప్రోటాన్లు మాత్రమే వెళ్తాయి, అంటే ఆ పొర స్వభావమే తీవ్రమైన ఆమ్లం. పైకి పోసేది శుద్ధమైన నీరే అయినా, ఎలక్ట్రోడు తగిలేది ఆమ్లాన్నే. అక్కడ నికెల్ బతకదు, ఇరిడియం ఆక్సైడు కావాల్సిందే.

ఇందులో ఒక వింత ఉంది. ఈ యంత్రాలను మొదట్లో బాగా వాడుకున్నది అణు జలాంతర్గాములు. సముద్రం అడుగున నెలల తరబడి ఉండే నావికులకి ఊపిరి కావాలి కదా. వాళ్ళకి కావలసింది రెండో తీగ దగ్గర వచ్చే ఆక్సిజన్. మనం ఇప్పుడు బంగారంలా చూస్తున్న హైడ్రోజన్‌ని వాళ్ళు సముద్రంలోకి వదిలేసేవారు.

ఇప్పుడు ఎండ, గాలి కరెంటు వచ్చాక ఈ యంత్రానికి కొత్త విలువ వచ్చింది. మబ్బు పడితే సోలార్ కరెంటు తగ్గుతుంది, గాలి ఆగితే ఇంకోటి తగ్గుతుంది. పీఈఎం యంత్రం ఆ హెచ్చుతగ్గులకి సెకన్లలో సర్దుకుంటుంది, తక్కువ చోటులో ఎక్కువ హైడ్రోజన్ ఇస్తుంది. క్షారపు యంత్రం చవక, కానీ ఒడిదుడుకులు దానికి అంతగా పడవు.

ఇక లెక్క చూద్దాం. ప్రపంచంలో ఏడాదికి తవ్వి తీసే ఇరిడియం ఏడెనిమిది టన్నులు. టన్నులే, వేల టన్నులు కాదు. అందులో 80 శాతానికి పైగా దక్షిణాఫ్రికా నుంచే. దానికంటూ వేరే గని లేదు, ప్లాటినంతో పాటు కొసరుగా వస్తుంది. ధర పెరిగింది కదా అని ఎక్కువ తవ్వే వీలు లేదు. 2021లో ఔన్సు ధర ఆరు వేల డాలర్లు దాటింది. నేటి పీఈఎం యంత్రాలకి ఒక గిగావాట్‌కి సుమారు 400 కిలోల ఇరిడియం పడుతుంది.

2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ని ఆమోదించింది. 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు లక్ష్యం. 2025 జనవరి 8న పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ ఎనర్జీ హబ్‌కి ప్రధాని శంకుస్థాపన చేశారు. అక్కడ అనుకున్నది రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్. ఒక కిలోకి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు వేసుకుంటే, 24 గంటలూ ఆగకుండా నడిచినా 3 గిగావాట్లకి పైగా యంత్రాలు కావాలి. అవన్నీ పీఈఎం రకమే అనుకుంటే, ఒక్క ఆ ఊరికే సుమారు 1.3 టన్నుల ఇరిడియం, అంటే ప్రపంచం ఏడాదంతా తీసేదాంట్లో ఆరో వంతు. సోలార్ కరెంటు మీద పగలు మాత్రమే నడిపితే యంత్రాలు మూడు నాలుగు రెట్లు కావాలి, ఇరిడియమూ అంతే. అక్కడ ఏ రకం పెడతారన్నది కాదు నా మాట. ఎండ మనది, సముద్రం మనది, పెట్టుబడి కూడా తెచ్చుకోవచ్చు. ఆ గోరంత నల్ల పూత మాత్రం మన చేతుల్లో లేదు. క్షారం దారి ఎంచుకున్నా సరే, ఈ లెక్క తెలిసి ఎంచుకోవాలి.

మరి దారి లేదా? ప్రయత్నాలు గట్టిగానే జరుగుతున్నాయి. ఒకటి, ఉన్న ఇరిడియాన్నే పొదుపుగా పరచడం. జపాన్‌లోని రికెన్ సంస్థవాళ్ళు 2024లో మాంగనీస్ డయాక్సైడు మీద ఇరిడియాన్ని పరమాణువులుగా విడివిడిగా పరిచి, దాని వాడకాన్ని బాగా తగ్గించొచ్చని చూపించారు. ఈ మాంగనీస్ డయాక్సైడు టార్చి లైటు సెల్సులో ఉండే నల్ల పొడే. రెండోది, ఇరిడియం లేకుండానే చేయడం. అదే ఏడాది స్పెయిన్‌లోని బార్సిలోనా దగ్గర ఒక బృందం కోబాల్ట్, టంగ్‌స్టన్ ఆక్సైడుతో చేసిన ఆనోడుని 600 గంటలకి పైగా నడిపించింది. ఆమ్లంలో కోబాల్ట్ అన్నాళ్ళు ఉండటం గొప్పే. కానీ ఫ్యాక్టరీ అడిగేది వందల గంటలు కాదు, పదుల వేల గంటలు. మూడోది, పాత యంత్రాల నుంచి ఇరిడియాన్ని తిరిగి రాబట్టుకోవడం. ఇది ఇప్పటి నుంచే ఏర్పాటు చేసుకోవలసిన పని.

హైడ్రోజన్ గురించి ఎవరైనా గొప్పగా చెప్తే, ఆనోడు దేనితో చేశారు, ఎన్ని వేల గంటలు నడిచింది అని అడగండి. కార్లైల్, నికల్సన్‌ల ఇత్తడి తీగ నల్లబడిన రోజు నుంచీ ఈ రంగంలో అసలు పరీక్ష అదే.

మీ సందేహాలు రాయండి, వీలున్నంతవరకు సమాధానం చెప్తాను. వచ్చే ఎపిసోడ్‌లో నంగల్ భారజలం కథ చెప్పుకుందాం. అందాకా సెలవు, నమస్కారం.